మెస్సీ వచ్చిండు, పోయిండు... మన జట్టేది?

2025 డిసెంబర్ 13, శనివారం సాయంత్రం. హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో లైట్లు జిగేల్‌మంటున్నయి. లియోనెల్ మెస్సీ వచ్చిండు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జెర్సీ తొడుక్కొని బంతి తన్నిండు. టీవీలన్నీ అదే చూపినయి. ఆ సరదా ఆటలో ముఖ్యమంత్రి జట్టు పేరుకు ముందు ఒక మాట ఉంది. ఆ మాట ‘సింగరేణి’.

అదే గంటకు గోదావరిఖనిలో రెండో షిఫ్టు కార్మికులు బాయిలో ఉన్నరు. క్యాప్‌ల్యాంప్ వెలుగు తప్ప వాళ్లకు వేరే లైటు లేదు. వాళ్ల కంపెనీ పేరు మెస్సీ ముందర మెరిసిపోతుందన్న సంగతి షిఫ్టు దిగి పైకొచ్చి, సెల్‌ఫోన్ తెరిచినంకనే తెలిసింది. సింగరేణి సొమ్ము ఆ తమాషా స్పాన్సర్‌షిప్‌కు ఎందుకు పోవాలని ప్రతిపక్షం లొల్లి చేసింది. పాలకపక్షం సమర్థించుకుంది. నాలుగు దినాలకు అందరూ మరిచిపోయిన్రు.

మెస్సీ మీద మాకు పేచీ లేదు. గోదావరిఖని గల్లీల్లో పదో నంబర్ జెర్సీ వేసుకొని తిరిగే పోరగాండ్ల సంతోషం మాకు తెలుసు. మేం అడిగేది వేరే ముచ్చట. సింగరేణి పేరు ఒక్క సాయంత్రం ఒక జెర్సీ మీద కనిపించింది. ఆ పేరు మోసే అసలు ఆటగాడు ఏడి? ఇంకా పైకి పోయి అడిగితే, మెస్సీ లాంటోళ్లు ఆడే ప్రపంచకప్‌లో మన దేశం ఏడ ఉంది? మన దేశం జట్టులో తెలంగాణ ఏడ ఉంది?

2025 నవంబర్ 18 తారీఖు గుర్తు పెట్టుకోవాలి. ఆ దినం ఢాకాలో భారత ఫుట్‌బాల్ జట్టు బంగ్లాదేశ్ చేతిలో 0-1తో ఓడిపోయింది. ఇరవై రెండేండ్ల తర్వాత బంగ్లాదేశ్ మన మీద గెలిచింది. అదే తారీఖున భూగోళానికి అటు దిక్కు కురసావ్ అనే చిన్న దీవి జమైకాతో 0-0గా డ్రా చేసుకొని 2026 ప్రపంచకప్‌లో చోటు సంపాదించింది. ఆ దీవి జనాభా లక్షన్నర చిల్లర. మన రామగుండం కార్పొరేషన్ జనాభా 2011 లెక్కల్లోనే రెండు లక్షల ముప్పై వేల దగ్గర ఉంది. అంటే రామగుండం కన్నా చిన్న జాగా ప్రపంచకప్‌కు అర్హత సాధించింది, నూట నలభై కోట్ల దేశం ఢాకాలో తలదించుకుంది. కురసావ్ ఆటగాండ్లలో చాలామంది నెదర్లాండ్స్‌లో పుట్టి పెరిగినోళ్లే, నిజమే. అక్కడి అకాడమీలు వాళ్లను తయారు చేసినయి. మేం చెప్పే మాట కూడా అదే. ఆటగాడు ఆకాశం నుంచి ఊడిపడడు, ఎవరో తయారు చేస్తేనే తయారైతడు.

మన జాతీయ జట్టు జాతకం ఒకసారి చూద్దాం. 2024 జనవరిలో ఖతర్‌లో జరిగిన ఆసియా కప్‌లో మూడు ఆటలు ఆడి మూడూ ఓడింది. ఆస్ట్రేలియా రెండు, ఉజ్బెకిస్తాన్ మూడు, సిరియా ఒకటి కొట్టినయి. మనోళ్లు ఒక్క గోల్ కొట్టలేదు. మార్చిలో గువాహటిలో అఫ్గానిస్తాన్ చేతిలో 1-2తో ఓడింది. తల దాచుకునే జాగా లేని ఆటగాండ్లున్న దేశం, సొంత గడ్డ మీద ఒక్క ఆట ఆడుకునే దిక్కు లేని జట్టు మనింటికొచ్చి గెలిచిపోయింది. జూన్‌లో దోహాలో ఖతర్ మీద ఆడినప్పుడు గీత దాటిన బంతిని లోపలికి గుంజి గోల్ కొట్టిన్రు, రెఫరీ ఒప్పుకున్నడు. అది అన్యాయమే. కానీ అఫ్గానిస్తాన్ మీద గెలిచి ఉంటే ఆ ఒక్క గోల్ కోసం ఏడ్చే పనే ఉండేది కాదు.

అప్పటి కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ను తీసేసిన్రు. మనోలో మార్క్వెజ్ వచ్చిండు, ఏడాదికే పోయిండు. 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్‌ను పెట్టిన్రు. ఆయన రాంగానే కాఫా కప్‌లో ఒమన్‌ను పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం తెచ్చిండు, కొంచెం ఆశ పుట్టింది. అక్టోబర్ 14న గోవాలో సింగపూర్ 2-1తో గెలిచి ఆ ఆశ మీద నీళ్లు చల్లింది. 2027లో సౌదీ అరేబియాలో పెట్టే ఆసియా కప్ దారి అక్కడితో మూసుకుపోయింది. ఆ గ్రూపులో మనతోని ఉన్నవి హాంకాంగ్, సింగపూర్, బంగ్లాదేశ్. ఇవేమన్నా బ్రెజిల్, జర్మనీలా? నవంబర్ ర్యాంకుల్లో భారత్ 142కు దిగింది. 2024 జూన్‌లో వీడ్కోలు చెప్పిన సునీల్ ఛెత్రిని నలభై ఏండ్ల వయసులో మళ్లీ పిలిపించుకోవాల్సి వచ్చింది. ఛెత్రి మీద మాకు గౌరవమే. కానీ ఇంట్ల జవాన్లు లేరా, తాతను నాగలికి కట్టిన్రా అని ఊర్లల్ల అడుగుతరు గదా!

ఇంగ్లిష్ పేపర్లల్ల పండితులు కారణాలు రాస్తనే ఉన్నరు. కోచ్ తప్పంటరు, ఫెడరేషన్‌లో కొట్లాటలంటరు, స్ట్రైకర్లు లేరంటరు. అబద్ధమేం కాదు. కాంట్రాక్టు తగాదా తెగక 2025-26 ఐఎస్‌ఎల్ సీజన్ నెలల తరబడి మొదలే కాలేదు. ఆడే లీగే లేకుంటే ఆటగాడు ఏం ఆడాలి? 2022 ఆగస్టులో ఫిఫా మన ఫెడరేషన్‌ను పదకొండు దినాలు సస్పెండ్ చేసిన సిగ్గు కూడా ఉంది. కానీ ఇవన్నీ చెట్టు పైన కొమ్మలు. వేరు ఏడ కుళ్లిందో చూడాలంటే ఢిల్లీ పోవుడు కాదు, హైదరాబాద్‌కే రావాలె. ఎందుకంటే ఆ వేరు ఒకనాడు మన గడ్డలోనే ఉండె.

నెల రోజుల తేడా

1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రం మాయమైంది. మన ఇష్టాయిష్టాలు అడగకుండ ఆంధ్రతో కలిపిన్రు. ఆ కథ మన పాఠకులకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కానీ సరిగ్గా నెల తర్వాత, డిసెంబర్ 1న మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఏం జరిగిందో మన పాఠ్యపుస్తకాలు చెప్పలేదు. ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాను భారత్ 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టిండు. ఆయన బొంబాయి మనిషి. ఆ జట్టుకు గురువు మాత్రం మన హైదరాబాద్ బడి పంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం ఉన్నరు. అందరూ మన పిల్లలే. సెమీస్‌లో యుగోస్లావియా చేతిలో, కాంస్యం ఆటలో బల్గేరియా చేతిలో ఓడి భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో దేశానికి ఇప్పటికీ అదే అతి పెద్ద గౌరవం. మ్యాపు మీద నుంచి చెరిపేసిన రాష్ట్రం పిల్లలు ప్రపంచం ముందర దేశాన్ని నిలబెట్టిన్రు.

ఇంకో ముచ్చట. 1956-57లో, మళ్లీ 1957-58లో సంతోష్ ట్రోఫీ గెలిచిన జట్టు పేరు హైదరాబాద్. రాష్ట్రం పోయింది, ఆటలో పేరు పోలేదు.

మెల్‌బోర్న్‌కు పోయే ముందు ఆ జట్టు మీద ఆశలు పెట్టుకున్నోళ్లు తక్కువ. నాలుగేండ్ల ముందు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మన మీద పది గోల్స్ కొట్టింది, మనోళ్లు ఒక్కటి కొట్టిన్రు. చాలామంది ఉత్త కాళ్లతోనే ఆడిన్రు. అప్పుడూ రహీం సాబే కోచ్. పది గోల్స్ తిన్న కోచ్‌ను ఇయ్యాల అయితే విమానం దిగకముందే తీసేస్తుండె. ఆయన్ను ఉంచిన్రు. ఆయన కూడా మొండిగ కూర్చోకుండ నేర్చుకున్నడు. జట్టుకు బూట్లు వేయించిండు, ఆట తీరే మార్చిండు. బంతి పట్టుకొని ఒక్కడే షోకు చేసుడు బంద్ చేసి, తాకిన వెంటనే పక్కోనికి ఇచ్చే ఆట నేర్పిండు. హైదరాబాద్‌లో డ్రిబ్లింగ్ చేయొద్దన్న షరతు మీద టోర్నమెంట్లు పెట్టిండు. కుడి కాలు మీదనే ఆధారపడే పిల్లలకు ఎడమ కాలు ఆట పెట్టిండు. ఇవన్నీ ఏ విదేశీ యూనివర్సిటీల నుంచి దిగుమతి చేసుకున్న డిగ్రీలు కావు. ఉస్మానియాలో చదివి, బడిలో పాఠాలు చెప్పుకుంట, సాయంత్రం గ్రౌండుల నిలబడ్డ మనిషి తెలివి.

అయితే రహీం సాబ్ ఒక్కడే మాయ చేసిండని రాసుడు కూడా తప్పే. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా అట్లనే చూపింది, సినిమాకు హీరో ఒక్కడే కావాలె గనుక. ఆయన వెనుక ఒక ఏర్పాటు ఉండె. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఉండె. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచిన జట్టది. ఆ ఆటగాండ్లకు పోలీసు కొలువు ఉంది. నెల కాంగనే జీతం వస్తది, ఇల్లు గడుస్తది, సాయంత్రం ఆడుకోవచ్చు. కాలు విరిగినా కడుపు కాలదు. కింద బస్తీ క్లబ్బులున్నయి, బడుల మధ్య పోటీలున్నయి, ఫతే మైదాన్ ఉంది. పైన కొలువు, కింద గ్రౌండ్, నడుమ గురువు. ఈ మూడు కలిసిన చోట అమ్ముగూడ పేద ఇంటి పిల్లగాడు తులసీదాస్ బలరాం పుట్టుకొచ్చిండు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టింది ఆ బలరామే.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ముచ్చట చెప్పకుంటే ఈ వ్యాసం అసంపూర్ణం. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. ఆ పోటీలకు ఇజ్రాయెల్, తైవాన్‌లను పిలవలేదని మన దేశ ప్రతినిధి అభ్యంతరం చెప్పేసరికి ఇండోనేషియా జనం మన మీద మండిపడుతున్నరు. జర్నయిల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డయి. గోల్‌కీపర్ తంగరాజ్‌కు ఒంట్లో బాగా లేదు. రహీం సాబ్‌కు ఊపిరితిత్తుల క్యాన్సర్. ఇట్లాంటి జట్టు గెలుస్తుందని ఏ పండితుడన్నా రాస్తడా? సెప్టెంబర్ 4న లక్ష మంది జనం గేలి చేస్తుంటే, అదే కొరియా మీద 2-1తో గెలిచి బంగారం తెచ్చిన్రు. కుట్లు పడ్డ తలతోనే జర్నయిల్ గోల్ కొట్టిండు. డిఫెండర్‌ను ముందుకు పంపించిన లెక్క రహీం సాబ్‌ది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూసిండు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఆ బంగారం తర్వాత దేశానికి ఇంకో బంగారం రాలేదు.

ఎవరు చేసిన పాపం

ఈడ మాలో కొందరికి తొందర ఎక్కువ. ‘చూసిన్రా, ఆంధ్రలో కలిపిన్రు, ఫుట్‌బాల్ చచ్చిపోయింది’ అని ఒక్క వాక్యంలో తేల్చేస్తరు. ఉద్యమ సభల్లో మేం కూడా అట్లనే మాట్లాడినం. ఇయ్యాల కొంచెం నిమ్మళంగా చూడాలె. విలీనం తర్వాత ఆట వెంటనే చావలేదు. 1965-66లో సంతోష్ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్ పేరు మీద వచ్చింది. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం తెచ్చిన జట్టుకు కెప్టెన్ మన సయ్యద్ నయీముద్దీన్. అదే జట్టులో ఉన్న మహమ్మద్ హబీబ్ 1977లో పీలే వచ్చిన కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిండు. షబ్బీర్ అలీ కెప్టెన్సీలో 1974లో ఇండియా యువ జట్టు ఇరాన్‌తో కలిసి ఆసియా టైటిల్ పంచుకుంది. కానీ చూడుండ్రి, హబీబ్ పేరు వచ్చింది కలకత్తాలో. బలరాం స్థిరపడింది, 2023 ఫిబ్రవరిలో చనిపోయింది కూడా బెంగాల్‌లోనే. వానలు లేక పాలమూరు కూలీ బొంబాయికి పోయినట్టు, దిక్కు లేక మన ఆటగాడు కలకత్తాకు వలస పోయిండు. అక్కడి క్లబ్బులు పైసలిచ్చినయి. ఇక్కడి సర్కారు పోయినోణ్ని పోనిచ్చింది, వాని జాగలో ఇంకొకణ్ని తయారు చేసే పని మరిచింది. ఆ మరుపు నేరమే. ఫతే మైదాన్‌కు లాల్ బహదూర్ స్టేడియం అని పేరు మార్చి, క్రికెట్ ఆటలు, రాజకీయ సభలు, ప్రమాణ స్వీకారాలు పెట్టుకున్నరు.

హైటెక్ ముఖ్యమంత్రి కాలం వచ్చింది. 2003లో హైదరాబాద్‌లో అఫ్రో ఏషియన్ గేమ్స్ పెట్టిన్రు. ఫుట్‌బాల్ ఫైనల్లో ఉజ్బెకిస్తాన్ చేతిలో ఒక్క గోల్‌తో ఓడి మనకు వెండి వచ్చింది. ఆ ఉజ్బెకిస్తాన్ 2025 జూన్‌లో ప్రపంచకప్‌కు అర్హత సాధించింది. 2025 నవంబర్‌లో మనం 142లో ఉండె. అదే 2003లో ఆటల పేరు చెప్పి ఐఎంజీ అకాడమీస్ భారత అనే కంపెనీకి 850 ఎకరాలు రాసిచ్చిన్రు. ఒలింపిక్ పతకాలు పండుతయన్నరు. పతకాలు లేవు, అకాడమీలు లేవు. 2006లో ఒప్పందం రద్దయింది. ఆ రద్దు సరైందేనని 2024 మార్చిలో హైకోర్టు చెప్పింది. ఇదంతా వలస పాలకుల ఖాతాలో రాసుకుందాం, మాకు అభ్యంతరం లేదు.

మరి ఆ తర్వాతి కథ ఎవరి ఖాతాలో రాయాలె? అదే భూమిలోని కంచ గచ్చిబౌలి 400 ఎకరాలను 2025లో మన సొంత సర్కారు ఐటీ పార్కులకు అమ్మడానికి బుల్డోజర్లు దింపింది. సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు అడ్డం పడ్డరు, సుప్రీంకోర్టు ఆపించింది. ఆటల కోసమని గుంజుకున్న భూమిని వెనక్కి తెచ్చినంక అందులో ఒక్క మూల గ్రౌండ్ వేద్దామని అన్నోడు లేడు. 2014 జూన్ 2 నుంచి రెండు పార్టీలు ఏలినయి. నీళ్లు, నిధులు, నియామకాలు అని అరిచి గొంతులు పోగొట్టుకున్నోళ్లం మేం. అందులో ఆట అనే మాట లేదు. అది మా తప్పు కూడా.

సొంత రాష్ట్రంలో ఫుట్‌బాల్‌కు దక్కిందేంది? 2022 మార్చి 20న హైదరాబాద్ ఎఫ్‌సీ కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ గెలిచింది. మేం ఎగిరి గంతేసినం. పెనాల్టీలు ఆపింది గోవా గోల్‌కీపర్ కట్టిమణి, కోచ్ స్పెయిన్ మనిషి, మన ఊరిది పేరు ఒక్కటే. ఆ పేరు కూడా మిగల్లేదు. అప్పుల్లో మునిగి, చేతులు మారి, 2025 అక్టోబర్‌లో ఆ క్లబ్ స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. మన హైదరాబాద్‌ను రెండోసారి మాయం చేసిన్రు, ఈసారి ఒక్క ధర్నా కూడా జరగలేదు. 2024 డిసెంబర్‌లో సంతోష్ ట్రోఫీ చివరి దశ పోటీలు హైదరాబాద్‌లోనే జరిగినయి. డిసెంబర్ 31న గచ్చిబౌలిలో బెంగాల్ కేరళను ఓడించి కప్పు ఎత్తుకుపోయింది. ఇంటి జట్టు తెలంగాణ క్వార్టర్స్‌కు కూడా చేరలేదు. ఒకప్పుడు సగం జట్టును ఇచ్చిన గడ్డ నుంచి 2025లో సింగపూర్ మీద, బంగ్లాదేశ్ మీద దిగిన పదకొండు మందిలో ఒక్క పిల్లగాడు లేడు.

ఒక్క ఆడబిడ్డ మాత్రం మన పరువు నిలబెట్టింది. నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ గుగులోత్ సౌమ్య. 2022లో క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్‌కు ఆడింది. 2024-25కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఫెడరేషన్ అవార్డు అందుకుంది. మగ జట్టు సింగపూర్ దగ్గర చతికిలబడిన 2025లోనే, జులై 5న మన ఆడపిల్లల జట్టు థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డ మీద 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత పోటీల ద్వారా పోయింది. సౌమ్య ఇప్పుడు ఆడేది ఏ ఊరికో తెలుసా? కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు. హబీబ్ పోయిన తొవ్వనే.

ఇగ మన కోల్‌బెల్ట్ సంగతికొస్తం. ఎందుకంటే పైన కొలువు, కింద గ్రౌండ్, నడుమ గురువు అన్న ఆ మూడు ముక్కలు తెలంగాణలో ఇయ్యాలటికీ ఒక్క చేతిలో ఉన్నది సింగరేణికే. కొత్తగూడెం నుంచి బెల్లంపల్లి దాకా కాలనీలున్నయి. గోదావరిఖనిలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఉంది. వర్క్ పీపుల్స్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ ఉంది, ఏటేటా ఏరియాల మధ్య పోటీలు పెడతది, కోలిండియా పోటీలకు జట్లను పంపుతది. పైసలు లేవనడానికి లేదు. 2024-25లో నికర లాభం 2,360 కోట్లని, అందులో 34 శాతం కార్మికుల వాటా అని 2025 సెప్టెంబర్‌లో సర్కారే ప్రకటించింది.

అయినా ఎందుకు ఆటగాడు పుడుతలేడు? మా లెక్క ఇది. కంపెనీ ఆటలు కార్మికుల కోసం పెట్టినవి. అవి ఉండాల్సిందే, షిఫ్టు చేసొచ్చిన మనిషికి ఆట మందు. కానీ ముప్పై ఐదేండ్ల జనరల్ మజ్దూర్ నుంచి జాతీయ జట్టుకు ఎవరూ పోరు. ఎనిమిదేండ్ల పిల్లగాడు కావాలె. వానికి ఉన్నది ఎండకాలం శిబిరం, నెల రోజుల ముచ్చట. బడులు తెరవంగనే బంతులు స్టోర్‌రూముకు పోతయి. మిగిలిన పదకొండు నెలలు వానికి నేర్పే జీతగాడు లేడు.

రెండోది, కార్మికుడే కరిగిపోతున్నడు. 1990ల మొదట్ల లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నరు. అండర్‌గ్రౌండ్ బాయిలు ఒక్కొక్కటి మూతపడ్డయి, ఓపెన్‌కాస్టులొచ్చినయి. ఊర్లు పోయినయి, ఊర్లతో పాటు చెరువు గట్టు కింద పోరగాండ్లు ఆడుకునే జాగలు పోయినయి. వాటి జాగలో ఓబీ గుట్టలు లేచినయి. పని ఇప్పుడు కాంట్రాక్టు కార్మికుని చేతుల మీద నడుస్తుంది. వాని పిల్లలకు కంపెనీ క్వార్టర్ లేదు, కాలనీ గ్రౌండుకు పోతే ‘ఏ కాలనీరా నీది’ అన్న మాట ఉంది. బలరాంలు పుట్టేది ఆ ఇండ్లల్లనే. వాళ్లనే గేటు బయట నిలబెడుతున్నం.

మేం చదువుకున్న ఒక బడికి పెద్ద గ్రౌండ్ ఉండె. మేం పది దాటంగనే దాని సగం మీద గదులు లేచినయి, మిగిలిన సగంలో బస్సులు ఆగినయి. అప్పుడు ఎవరూ అడగలేదు, మా నాయినలు కూడా అడగలేదు. ర్యాంకులొస్తే చాలనుకున్నరు. 2011లో సకల జనుల సమ్మెలో, సెప్టెంబర్ 13 నుంచి నెల దాటి బొగ్గు ఆగిపోయిన ఆ దినాల్లో, సమ్మె సభల చుట్టూ తిరిగి అలసిపోయి సందు దొరికితే అదే ఖనిలో ఇంకో గ్రౌండుకు పోయి ఆడుకునేటోళ్లం. కార్మికులు, విద్యార్థులు, టీచర్లు కలిసిపోయిన జట్లు. బూట్లు లేవు, గోల్ పోస్టుకు రెండు రాళ్లు. రాష్ట్రం వస్తే ఈ గ్రౌండుకు గడ్డి వస్తదిరా అని ఒకడు నవ్వుకుంట అన్నడు. రాష్ట్రం వచ్చింది.

జాతీయ జట్టు భవిష్యత్తు ఏందని ఎవరన్నా అడిగితే మా జవాబు కరాఖండిగ చెప్తం. 2030 ప్రపంచకప్‌కు కూడా భారత్ అర్హత సాధించదు. కోచ్ ఎవరైనా అంతే. 2030లో ఆడాల్సిన పిల్లలు ఇప్పటికే పదహారు, పదిహేడు దాటినోళ్లు, వాళ్ల చిన్నతనం గ్రౌండ్ లేకుండనే గడిచిపోయింది. 2026లో ఆసియాకు ఎనిమిది నేరు చోట్లు ఇచ్చినా మన వంతు రాలేదంటే, చోట్లు పెంచినంత మాత్రాన మన దశ తిరుగదు. ఇయ్యాల గోదావరిఖనిలో ఎనిమిదేండ్లున్న పిల్లగాడికి 2038లో ఇరవై ఏండ్లొస్తయి. లెక్క వేయాలంటే ఆ పిల్లగాడి మీద వేయాలె.

అందుకు మెస్సీ సాయంత్రమంత ఖర్చు కూడా కాదు. ఒక్కో ఏరియాకు పొద్దు, మాపు గ్రౌండుల ఉండే ఇద్దరు జీతం కోచ్‌లు, ఒకరు ఆడపిల్లల కోసం. కాలనీ గ్రౌండ్ గేటు కాంట్రాక్టు కార్మికుల పిల్లలకు, ఓపెన్‌కాస్టు కింద ఊరు పోయినోళ్ల పిల్లలకు తెరవాలె. ఏరియాల మధ్య పన్నెండేండ్ల లోపు, పదిహేనేండ్ల లోపు లీగు ఏడాదంతా నడవాలె. అందులోంచి ఎదిగినోనికి కంపెనీలో కొలువు ఇయ్యాలె, సిటీ పోలీస్ ఒకనాడు ఇచ్చినట్టు. ఇది దయ కాదు, మన తాతలు బాయిలో దిగి తవ్విన బొగ్గు సొమ్ములో మన పిల్లల వాటా. జిల్లా ఖనిజ నిధిలో కూడా మనకు వాటా ఉంది, కమాన్‌లు కట్టడానికి ఒక్కదానికే కాదు.

సంఘాలను కూడా అడగాలె. 2023 డిసెంబర్‌లో గుర్తింపు సంఘం ఎన్నికలప్పుడు ఒక్కో జెండా కింద ఒక్కో హామీ విన్నం. సొంతిల్లు, ఇన్‌కమ్ ట్యాక్స్, కారుణ్య నియామకాలు, అన్నీ న్యాయమైనవే. ఒక్క కరపత్రంలోనూ పిల్లల గ్రౌండ్ మాట మాకు కనిపించలేదు. మెస్సీ ముచ్చట మీద ప్రెస్‌మీట్లు పెట్టిన నాయకులు ఉన్నరు గదా, కంపెనీతో కూర్చునే తర్వాతి స్ట్రక్చర్డ్ మీటింగ్ ఎజెండా కాగితం వాళ్ల చేతుల్లోనే తయారైతది. అందులో ‘ఫుట్‌బాల్ కోచ్’ అనే రెండు మాటలు ఉంటయో లేవో, ఆ కాగితం సంపాదించి వచ్చే సంచికలో అచ్చేస్తం.